ప్రశ్న అడిగితే పాపం తగులుతుందా?

ఈ వారం వీడియోలో మన ధర్మంలో ప్రశ్నకు ఉన్న చోటు గురించి మాట్లాడుకున్నాం కదా. టైమ్ చాలక అక్కడ చాలా విషయాలు పైపైన చెప్పి వదిలేశాను. ఇక్కడ నెమ్మదిగా, ఏ మాట ఎక్కడుందో చెబుతూ వెళ్తాను. ఇంట్లో భగవద్గీత ఉంటే పక్కన పెట్టుకోండి. నేను పండితుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. కాబట్టి నా మాట దగ్గరే ఆగిపోకుండా మీరే తెరిచి చూసుకోండి. ఈ పాఠం ఉద్దేశం కూడా అదే.

మన వయసు వాళ్లకి ఈ విషయంలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. మొదటిది ఇంట్లో: "దేవుడి విషయంలో అలా అడగకూడదు, కళ్లు పోతాయి." రెండోది ఫ్రెండ్స్ మధ్య: "మన దాంట్లో రూల్స్ ఏం లేవురా, ఎవరికి నచ్చింది వాళ్లు నమ్ముకోవచ్చు." మొదటి మాట ప్రశ్నను పుట్టకముందే ఆపేస్తుంది. రెండో మాట వింటానికి బాగుంటుంది గానీ, అదీ ప్రశ్నను చంపేస్తుంది. ఏది నమ్మినా ఒకటే అయినప్పుడు ఇక వెతకడం ఎందుకు?

గీత, ఉపనిషత్తులు చదివితే నాకు ఈ రెండూ కాకుండా ఇంకోటి కనబడింది. అడగమంటాయి, గట్టిగా అడగమంటాయి. అడిగాక జవాబు తేలేదాకా ఆ ప్రశ్నను వదిలిపెట్టొద్దంటాయి. స్వేచ్ఛ ఉంది, దాని వెనకాలే బాధ్యత కూడా ఉంది. ఎలాగో చూద్దాం.

1. గీతను చివరి నుంచి చదువుదాం

18వ అధ్యాయం, 63వ శ్లోకం తెరవండి. చెప్పాల్సిందంతా దాదాపు చెప్పేశాక కృష్ణుడు అర్జునుడితో అనే మాట ఇది. ఇప్పటిదాకా విన్నదాన్ని ఏదీ మిగలకుండా ఆలోచించుకుని, ఆ తరవాత నీకు ఎలా తోస్తే అలా చెయ్యమంటాడు.

చెబుతున్నది ఎవరో గుర్తు తెచ్చుకోండి. 11వ అధ్యాయంలో విశ్వరూపం చూపించినవాడు. వింటున్నది ఆ రూపం చూసి వణికిపోయి చేతులు జోడించినవాడు. ఇంత జరిగాక "నేను చెప్పాను, నువ్వు చెయ్యి" అంటే అర్జునుడు ఎదురు చెప్పేవాడా? అయినా కృష్ణుడు అలా అనలేదు. నిర్ణయం అర్జునుడికే వదిలేశాడు.

ఈ శ్లోకంలో రెండు భాగాలున్నాయి. "ఏదీ మిగలకుండా ఆలోచించు" అనేది మొదటిది, "నీ ఇష్టం" అనేది రెండోది. మనం సాధారణంగా రెండోదే గుర్తుపెట్టుకుంటాం. మొదటి భాగం చెయ్యకుండా రెండోది తీసుకుంటే అది స్వేచ్ఛ అనిపించుకోదు, బద్ధకం అవుతుంది.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. మూడు శ్లోకాల తరవాత, 66లో, అన్నీ విడిచిపెట్టి నన్నే శరణు పొందమని అదే కృష్ణుడు అంటాడు కదా? నిజమే. కానీ వరస చూడండి. ముందు స్వేచ్ఛ ఇచ్చాడు, తరవాత ప్రేమతో పిలిచాడు. అక్కడితోనూ ఆగలేదు. 72లో, మనసు పెట్టి విన్నావా, నీ అజ్ఞానం పోయిందా అని తిరిగి అడుగుతాడు. 73లో అర్జునుడు మోహం పోయిందని, సందేహాలు తీరాయని, నువ్వు చెప్పినట్టు చేస్తానని జవాబిస్తాడు. సందేహం తీరింది అన్నాకే చేస్తాను అన్నాడు. మన భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ అయ్యాకే సైన్‌ఆఫ్.

మధ్యలో అర్జునుడు అడిగిన తీరు కూడా చూడండి. 3వ అధ్యాయం మొదట్లోనే, కర్మకంటే జ్ఞానం గొప్పదైతే నన్నెందుకు ఈ ఘోరమైన పనిలోకి తోస్తున్నావు, కలగాపులగంగా మాట్లాడి నన్ను తికమక పెడుతున్నావు అంటాడు. 4వ అధ్యాయం 4వ శ్లోకంలో ఇంకా సూటిగా, నువ్వేమో ఇప్పుడు పుట్టావు, సూర్యుడేమో ఎప్పటివాడో, ఆయనకి నువ్వు చెప్పావంటే ఎలా అర్థం చేసుకోవాలి అని నిలదీస్తాడు. కృష్ణుడు కోప్పడలేదు. జవాబు చెప్పాడు. అదే 4వ అధ్యాయం 34లో జ్ఞానం తెలుసుకునే పద్ధతి చెబుతూ నమస్కారం, సేవలతో పాటు పరిప్రశ్నను కూడా చేర్చాడు. పరిప్రశ్న అంటే విషయాన్ని అన్ని వైపుల నుంచీ అడగడం.

2. నచికేతుడు: శ్రద్ధ వల్లే ప్రశ్న పుట్టింది

కఠోపనిషత్తు కథ మీకు తెలిసే ఉంటుంది. తండ్రి యజ్ఞం చేసి ఆవుల్ని దానం ఇస్తున్నాడు. అవేమో పాలు ఉడిగిపోయిన ముసలి ఆవులు. పక్కన చిన్న పిల్లాడు నచికేతుడు చూస్తున్నాడు. ఈ చోట ఉపనిషత్తు ఏమంటుందో గమనించండి: ఆ పిల్లాడిలో శ్రద్ధ ప్రవేశించింది అంటుంది. శ్రద్ధ వచ్చాక ఏం చేశాడు? నోరు మూసుకుని కూర్చోలేదు. మరి నన్నెవరికి ఇస్తావు నాన్నా అని మూడుసార్లు అడిగాడు.

ఇది నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. శ్రద్ధ ఉన్నవాడు ప్రశ్నించడని మనం అనుకుంటాం. ఉపనిషత్తులో శ్రద్ధ రావడం వల్లే ప్రశ్న పుట్టింది. యజ్ఞం అంటే లెక్కలేనివాడికి ఆ ఆవులు ముసలివా, పడుచువా అన్నది పట్టదు. పట్టించుకున్నవాడికే అది గుచ్చుకుంటుంది.

కోపంతో తండ్రి యముడికి ఇస్తానన్నాడు. యముడి ఇంటి ముందు మూడు రాత్రులు తిండి లేకుండా ఎదురుచూసినందుకు నచికేతుడికి మూడు వరాలు దొరికాయి. మూడో వరంగా అడిగిన ప్రశ్న ఇది: మనిషి పోయాక ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటున్నారు, ఏది నిజం? యముడు చాలా తప్పించుకోవాలని చూశాడు. దేవతలకే దీని మీద సందేహం ఉంది, వదిలెయ్యమన్నాడు. నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, ఏనుగులు, బంగారం, భూమి, ఎంత కావాలంటే అంత ఆయుష్షు ఇస్తానన్నాడు. అవన్నీ రేపటికి ఉండేవి కావు, నీ దగ్గరే ఉంచుకో అన్నాడు పిల్లాడు. నీలా అడిగేవాళ్లు మాకు దొరకాలి అని చివరికి యముడే మెచ్చుకున్నాడు.

ఈ ప్రశ్న పుస్తకాల్లో మాత్రమే ఉండదండి. నా టీమ్‌లో పనిచేసే ఒక ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు పోయినేడాది చనిపోయారు. పదో రోజు పిండం పెట్టాక, "ఇది నిజంగా నాన్నకి చేరుతుందా?" అని పక్కనున్న పెద్దాయన్ని అడిగాడు. "ఇలాంటప్పుడు అలాంటి మాటలు అనకూడదు బాబూ" అన్నారాయన. ఆయన్ని నేను తప్పు పట్టను, ఆ ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. కానీ ఆ రాత్రి వాడు నాకు ఫోన్ చేసి, "నాకు నమ్మకం లేదేమోరా. నమ్మకం లేకుండా చేస్తే చెల్లుతుందా? నాన్నకి అన్యాయం చేస్తున్నానా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. నువ్వు అడిగింది తప్పు కాదురా, నచికేతుడు యముణ్ణి అడిగింది కూడా ఇదే అని మాత్రం చెప్పాను. ఆ తరవాత కొన్ని ఆదివారాలు ఇద్దరం కూర్చుని కఠోపనిషత్తు చదివాం. వాడు మాసికాలు మానలేదు, ప్రశ్నా మానలేదు. సంవత్సరీకం దగ్గరకొచ్చినప్పుడు నమ్మకం వచ్చిందా అని అడిగాను. "తెలీదురా. కానీ ఇప్పుడు పీట మీద కూర్చుంటే దొంగలా అనిపించట్లేదు" అన్నాడు. మనసులో ప్రశ్న పెట్టుకునే భక్తితో చెయ్యొచ్చని తెలియడమే వాడికి ముందుగా కావాల్సింది.

3. శ్వేతకేతువు: చేసి చూడమన్న తండ్రి

ఛాందోగ్యం 6వ అధ్యాయం మన ఇంజనీర్లకి బాగా నచ్చుతుంది. శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్లి, ఇరవై నాలుగో ఏట వేదాలన్నీ చదివేసి కాలర్ ఎగరేసుకుంటూ వచ్చాడు. డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో మనమందరం ఉన్నట్టే. తండ్రి ఉద్దాలకుడు ఒక్క ప్రశ్నతో గాలి తీసేశాడు: దేన్ని తెలుసుకుంటే తెలియనిదంతా తెలిసినట్టవుతుందో దాన్ని అడిగావా?

తరవాత ఉద్దాలకుడు ఉపన్యాసంతో సరిపెట్టలేదు. మనసు అన్నంతో తయారైంది అని చెప్పాక, పదిహేను రోజులు తిండి మానేసి నీళ్లు మాత్రం తాగమన్నాడు. పదహారో రోజు వేదం చెప్పమంటే కొడుక్కి ఒక్కటీ గుర్తు రాలేదు. వెళ్లి తినేసి రమ్మన్నాడు, అప్పుడు అన్నీ గుర్తొచ్చాయి. ఇంకోసారి నీళ్లలో ఉప్పు కలిపించి, మర్నాడు పైనుంచి, మధ్యలోంచి, అడుగు నుంచి రుచి చూడమన్నాడు. కంటికి కనబడని ఉప్పు అంతటా ఉంది. ఆత్మ కూడా అలాగే అన్నాడు. (పదిహేను రోజుల ఉపవాసం మీరు చెయ్యకండి. ఉప్పునీళ్లు చాలు.)

ప్రతిసారీ శ్వేతకేతువు ఇంకా వివరంగా చెప్పండి అని మళ్లీ అడిగాడు. ప్రతిసారీ తండ్రి సరే అని ఇంకో ఉదాహరణతో మొదలుపెట్టాడు. ఇన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదా అని ఒక్కసారి కూడా విసుక్కోలేదు. మన ఇళ్లల్లో పిల్లలు అడిగినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

4. మరి సందేహించేవాడు నశిస్తాడని గీతే అంది కదా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. గీత 4వ అధ్యాయం 40వ శ్లోకం ప్రకారం సంశయాత్ముడికి ఈ లోకమూ లేదు, పరలోకమూ లేదు, సుఖమూ లేదు. దీన్ని చూపించే చాలామంది "అందుకే నోరు మూసుకో" అంటారు.

చుట్టూ ఉన్న శ్లోకాలు చూడండి. ఆరు శ్లోకాల ముందు, 34లో, ప్రశ్నించి తెలుసుకోమన్నాడు. రెండు శ్లోకాల తరవాత, 42లో, గుండెలో ఉన్న సందేహాన్ని జ్ఞానమనే కత్తితో నరికి లేవమన్నాడు. సందేహాన్ని దాచిపెట్టమని ఎక్కడా అనలేదు. తెలుసుకుని తీర్చుకోమన్నాడు.

కాబట్టి సందేహం రావడం వేరు, సందేహంలోనే కాపురం పెట్టడం వేరు. సంశయాత్ముడు రెండోవాడు. ఆఫీసులో ఎవరైనా "ఇది పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మనకి ఎలా ఉంటుంది? ఎక్కడ ఆగింది, ఏం చేస్తే ఆగింది అని వివరంగా రాస్తే దాని మీద పని చెయ్యొచ్చు. "ఇదంతా ట్రాష్" అనేది మొదటి రకం. "ఈ శ్లోకానికి, ఆ శ్లోకానికి పొంతన నాకు కుదరట్లేదు" అనేది రెండో రకం.

మన శాస్త్రకారులు దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకున్నారో న్యాయదర్శనంలో కనబడుతుంది. గౌతముడి న్యాయసూత్రాలు మొదట్లోనే పదహారు పదార్థాలు చెబుతాయి. అందులో ప్రమాణం, ప్రమేయం తరవాత మూడోది సంశయం. తేల్చుకోవడానికి బయలుదేరాలంటే ముందు సందేహం కావాలన్నమాట. అదే జాబితాలో వాదం, జల్పం, వితండ అని మూడు రకాల చర్చలు కూడా ఉన్నాయి. నిజం తేలడం కోసం చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిది విరగ్గొట్టడానికే చేసేది వితండ. "వితండవాదం చెయ్యకు" అని మన అమ్మమ్మలు తిట్టేది ఈ మూడోదాన్నే. మనం అడిగే ముందు ఇది మూడింట్లో ఏదని ఒక్కసారి చూసుకుంటే చాలు.

5. గార్గి: ఏ ప్రశ్నకు ఏ కొలబద్ద

ప్రశ్నకు హద్దే లేదా? ఉంది. బృహదారణ్యకం 3వ అధ్యాయంలో జనకుడి సభ. కొమ్ములకు బంగారం కట్టిన వెయ్యి ఆవులు బహుమతి. యాజ్ఞవల్క్యుణ్ణి పండితులు ఒక్కొక్కరే ప్రశ్నిస్తున్నారు. గార్గి లేచి, ఇదంతా నీళ్లలో ఉంటే నీళ్లు దేనిలో ఉన్నాయి, అది దేనిలో ఉంది అని ఒక్కో మెట్టూ ఎక్కుతూ బ్రహ్మలోకాల దాకా వెళ్లింది. అక్కడ యాజ్ఞవల్క్యుడు ఆపాడు. ఇక అతిగా అడగకు, తల పడిపోతుంది అన్నాడు. ఈ విషయం అనుమానంతో, అంటే తర్కంతో లాగితే వచ్చేది కాదు, ఆగమం ద్వారా తెలియాల్సింది అని శంకరుల భాష్యం వివరిస్తుంది.

ఇక్కడితో కథ ఆగితే "చూశావా, ఆడపిల్ల నోరు మూయించారు" అనుకునేవాళ్లం. కానీ గార్గి కాసేపయ్యాక మళ్లీ లేచింది. సభ అనుమతి అడిగి, విల్లు ఎక్కుపెట్టిన వీరుడి చేతిలో రెండు బాణాల్లా రెండు ప్రశ్నలు తెచ్చానంది. ఈసారి యాజ్ఞవల్క్యుడు పూర్తిగా జవాబు చెప్పాడు. అక్షరతత్త్వం గురించిన గొప్ప ఉపదేశం గార్గి ప్రశ్న వల్లే మనకి దక్కింది. ఇతన్ని మీరెవరూ గెలవలేరని సభకు తీర్పు చెప్పింది కూడా ఆవిడే.

హద్దు రెండు వైపులా ఉంటుంది. తర్కానికి అందనిదాన్ని తర్కంతో లాగకూడదు. అలాగే కంటికి కనబడేదాన్ని శాస్త్రం పేరు చెప్పి కాదనకూడదు. గీత 18వ అధ్యాయం 66వ శ్లోకానికి రాసిన భాష్యంలో శంకరులే, నిప్పు చల్లగా ఉంటుందని వంద వేదవాక్యాలు చెప్పినా అది ప్రమాణం కాదని అంటారు. వేదాన్ని పరమప్రమాణంగా తీసుకున్న ఆచార్యుడి మాట ఇది. ఉష్ణోగ్రతను థర్మామీటర్‌తో కొలుస్తాం, బరువును త్రాసుతో తూస్తాం. ఏ ప్రశ్నకు ఏ కొలబద్ద వాడాలో తెలియడమే సగం జవాబు.

6. ఒకే ఇంట్లో ఇన్ని అభిప్రాయాలు

ఇలా అడగనిస్తే ఏమవుతుంది? అభిప్రాయాలు వేరవుతాయి. అయ్యాయి కూడా. వేదాన్ని ఒప్పుకునే ఆరు దర్శనాల్లోనే చూడండి. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో సృష్టికర్త అయిన ఈశ్వరుడికి చోటు లేదు. వేదం కోసం జీవితాన్ని ధారపోసిన మీమాంసకుడు కుమారిలభట్టు సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని శ్లోకవార్తికంలో ఖండించాడు. నైయాయికుడు ఉదయనుడు ఈశ్వరుడు ఉన్నాడని నిరూపించడానికే న్యాయకుసుమాంజలి రాశాడు. విజయనగర కాలంలో మాధవాచార్యుల పేరుతో వచ్చిన సర్వదర్శనసంగ్రహం, దేవుణ్ణీ వేదాన్నీ కూడా ఒప్పుకోని చార్వాక దర్శనంతోనే మొదలవుతుంది.

అయితే వీళ్లెవరూ "ఎవరికి నచ్చింది వాళ్లది" అని ఊరుకోలేదు. ముందు ఎదుటివాడి వాదాన్ని, అతను కూడా ఒప్పుకునేంత బలంగా చెప్పేవారు. అది పూర్వపక్షం. తరవాతే తన సిద్ధాంతం. మనం ఎవరితోనైనా విభేదించే ముందు అతని మాటను అతనికి నచ్చేలా చెప్పగలుగుతున్నామా? నేనైతే ఇంకా ప్రాక్టీస్ చేస్తున్నాను.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. పుస్తకాల్లో ఉన్న ఈ స్వేచ్ఛ సమాజంలో అందరికీ అందలేదు. వేదాధ్యయనం చాలామందికి, ఆడవాళ్లకీ, ఎన్నో శతాబ్దాలు మూసేసి ఉంచారు. గార్గి కథ గర్వంగా చెప్పుకునేవాళ్లం ఇదీ గుర్తుంచుకోవాలి. ఇవాళ మన ఫోన్‌లోనే పది ఉపనిషత్తులు తెలుగు తాత్పర్యంతో ఉన్నాయి. తెరవకపోతే తప్పు మనదే.

7. మన తెలుగాయన అడిగిన ప్రశ్న

కావ్యకంఠ గణపతి ముని 1878లో బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టారు. నవద్వీపంలో పండితుల సభలో ఆశుకవిత్వంతో కావ్యకంఠ బిరుదు పొందారు. ఏళ్ల తరబడి మంత్రజపం చేశారు. 1907 నవంబరు 18న అరుణాచలం కొండ మీద విరూపాక్ష గుహకు వెళ్లి, అక్కడున్న ఒక మౌనస్వామి ముందు సాష్టాంగపడ్డారు. చదవాల్సినవన్నీ చదివాను, జపం చేశాను, అయినా తపస్సు అంటే ఏమిటో నాకు తెలియలేదు, చెప్పండి అని అడిగారు. ఆ స్వామికి అప్పటికి 27 ఏళ్లు. అడిగిన పండితుడు ఆయనకంటే పెద్దవాడు.

కొంతసేపు మౌనంగా చూశాక ఆ స్వామి చెప్పిన దాని సారాంశం ఇది: 'నేను' అనే తలపు ఎక్కణ్ణుంచి వస్తోందో గమనిస్తే మనసు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తూ ఆ శబ్దం ఎక్కణ్ణుంచి పుడుతోందో గమనించినా అదే తపస్సు. ఆ స్వామికి భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది గణపతి మునే.

నాకు నచ్చిన విషయం తరవాతది. నీ మంత్రాలు వదిలేసి నా దారిలోకి రా అని రమణులు అనలేదు. జపం చేసేవాడికి జపంలోంచే దారి చూపించారు. గణపతి ముని దేవీ ఉపాసకుడిగానే కొనసాగారు, అమ్మవారి మీద ఉమాసహస్రం రాశారు. రమణులతో జరిగిన ప్రశ్నోత్తరాలను రమణగీతగా కూర్చారు. దాని 13వ అధ్యాయంలో ఆయన భార్య విశాలాక్షి ప్రశ్న ఉంది, భర్త ద్వారా అడిగించారు: స్త్రీలు సన్యసించవచ్చా? శాస్త్రంలో దానికి అడ్డు లేదని రమణుల సమాధానం. ఒక తెలుగు గృహిణి అడిగిన ప్రశ్న అలా గ్రంథంలో నిలిచిపోయింది.

8. ఈ వారం మనం చేయాల్సింది

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయికి చెప్పిన మూడు మెట్లున్నాయి. శ్రవణం అంటే వినడం. మననం అంటే విన్నదాన్ని సందేహాలు తీరేదాకా తర్కించుకోవడం. నిదిధ్యాసనం అంటే తేలినదాని మీద మనసు నిలపడం. మనలో చాలామంది వీడియోలు చూస్తూ శ్రవణం దగ్గరే ఉండిపోతున్నాం. నా వీడియోలైనా అంతే. అడిగే స్వేచ్ఛ రెండో మెట్టులో ఉంది. అది ఎక్కకుండా మూడో మెట్టుకు దారి లేదు.

అందుకని ఈ వారం మూడు పనులు:

ఒకటి, మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెడుతున్న ఒక్క ప్రశ్న నోట్‌బుక్‌లో రాసుకోండి. అది ఎవరినో ఓడించడానికి కాకుండా, మీకు జవాబు కావాలి కాబట్టి అడిగేదై ఉండాలి.

రెండు, దాని గురించి మీ అభిప్రాయానికి వ్యతిరేకంగా ఉన్న వాదాన్ని ఐదు వాక్యాల్లో నిజాయితీగా రాయండి. అదే మీ పూర్వపక్షం.

మూడు, ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో, తెలిసిన గురువుగారినో అడగండి. నమస్కారం పెట్టే అడగండి. "నాకు తెలియదు నాన్నా" అంటే దాన్ని కూడా గౌరవించండి. ఋగ్వేదంలో సృష్టి గురించి అడిగే నాసదీయ సూక్తం (10వ మండలం, 129వ సూక్తం) కూడా, పైనుంచి చూసేవాడికైనా ఇది తెలుసో తెలియదో అంటూ ముగుస్తుంది.

పూజ ఆపకండి, ప్రశ్న కూడా ఆపకండి. వచ్చే వారం కఠోపనిషత్తు మొదటి వల్లి కలిసి చదువుదాం. ఈలోగా ఒకసారి తిరగేసి రండి.

హరిః ఓం.